కొచ్చి యూదుల వీధి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభ అనగానే కవిత్రయమును గురించో, త్యాగయ్య గారిని గురించో పండితులెవరైనా మాట్లాడటం మన సంఘంలో ఆనవాయితీ. మేము పండితులము కాము. మెట్రిక్ ప్యాసై, రైల్వే పార్సెలు ఆఫీసులో రసీదులు వ్రాసుకునే వారము. కార్యదర్శి గారు మాత్రం వదలలేదు. "పోయిన డిసెంబరులో పాసు మీద కొచ్చి వెళ్ళి వచ్చినారు గదా. అక్కడి యూదుల వీధిని గురించి ఇంట్లో రోజూ చెపుతూనే ఉన్నారట. అదేదో ఇక్కడ చెప్పండి" అన్నారు. మా ఇంటివారే ఆయనతో మొర పెట్టుకున్నారని మాకు అనుమానము.

యూదుల వీధితో కోయంబత్తూరు తెలుగువారికేమి పని అని మీరు అడుగవచ్చు. మేమూ అట్లే అనుకుంటూ వెళ్ళినాము. తీరా అక్కడ మొదట కంటబడిన మాట "పరదేశి". ఆ వీధి చివరనున్న యూదుల ప్రార్థన మందిరానికి పరదేశి సినగాగు అని పేరు. విజయనగర ప్రభువుల కాలంలో, తరువాత మధుర నాయకుల కాలంలో మన పెద్దలు ఈ కొంగునాటికి దిగి వచ్చినారని చిన్నప్పటి నుండి వింటున్నాము. సరిగా ఆ 16వ శతాబ్దంలోనే ఈ పరదేశి యూదులూ వచ్చి కొచ్చిలో నిలబడినారు. ఆ ఒక్క మాటతో మాకు అక్కడి నుండి కాలు కదలలేదు.

పోదనూరులో రైలెక్కితే నాలుగు గంటలలో ఎర్నాకుళం. షోరనూరు నుండి ఎర్నాకుళానికి 1902లో రైలు మార్గం వేసినప్పుడు ఖర్చుకు చాలక కొచ్చి మహారాజు త్రిప్పూణిత్తుర గుడి ఏనుగుల బంగారు నెత్తిపట్టాలు అమ్మి డబ్బు సమకూర్చినారు. రైల్వేవాళ్ళము గనుక ఈ మాట చెప్పక దాటబుద్ధి కాలేదు. ఎర్నాకుళం రేవులో పడవ ఎక్కి అవతలి ఒడ్డున దిగినాము. సముద్రపు వైపున కోట కొచ్చి. పోర్చుగీసువారు 1503లో అక్కడ కోట కట్టుకున్నారు. ఆనాడు పట్నమంటే ఆ కోటే. కోటకు వెలుపల, ఉప్పుటేటి ఒడ్డున, రాజుగారి భూమి మట్టాంచేరి. అక్కడ రాజుగారికొక మేడ ఉన్నది. 1555 ప్రాంతంలో పోర్చుగీసువారే కట్టించి కానుకగా ఇచ్చినారు. తరువాత డచ్చివారు మరమ్మతు చేసినందున నేటికీ దానిని డచ్చి ప్యాలెసు అంటున్నారు. ఆ మేడ ప్రక్కన, రాజుగారి గుడి గోడకు ఆనుకొని యూదులకు స్థలమిచ్చినారు. 1567లో వారి పేట వెలసినది. 1568లో సినగాగు కట్టుకున్నారు. ఒక వైపు అమ్మవారి గుడి గంట, ఒక వైపు వీరి ప్రార్థన. కోటలోని పోర్చుగీసువారికి యూదులంటే గిట్టదు. గోవాలో 1560 నుండి వారి మతవిచారణ కోర్టు నడుస్తున్నది. కనుకనే పట్నానికి వెలుపల, రాజుగారి నీడను చేరినారు.

ఆ నీడ ఎంత అవసరమైనదో 1662లో తెలిసినది. డచ్చివారు కోటను ముట్టడించి, గెలవలేక వెనుకకు పోయినారు. యూదులు డచ్చివారికి సాయపడినారన్న కోపంతో పోర్చుగీసువారు ఈ వీధి మీద పడి దోచి, సినగాగును పాడు చేసినారు. మరుసటి ఏడు డచ్చివారు తిరిగి వచ్చి కొచ్చిని పట్టుకున్నారు. 1664లో మందిరాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నారు.

డచ్చివారి కాలంలో ఆ వీధి బాగుపడినది. ఎజెకియేలు రహాబి అనే వర్తకుడు డచ్చి కంపెనీకి ముఖ్య వ్యాపారి. మిరియాలు మొదలు అన్ని బేరాలలోను ఆయన చేయి ఉండేది. 1760లో సినగాగు ముందు గడియార స్తంభం కట్టించినారు. దాని ముఖాల మీద అంకెలన్నీ ఒకే లిపిలో లేవు. ఒక వైపు హీబ్రూ, మరొక వైపు రోమను. ఎవరి లిపిలో వారు గంట చూచుకోవచ్చును. 1762లో చీనా దేశపు కాంటను నుండి నీలి రంగు బొమ్మలు వేసిన పలకలు, వెయ్యికి పైగా, తెప్పించి నేల పరిపించినారు. ఏ రెండు పలకలూ ఒకే తీరుగా లేవని అక్కడివారు గర్వంగా చెపుతారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవలెను. మా చిన్నవాడు నేల మీద కూర్చుని రెండు ఒకేలాంటివి దొరుకుతాయేమోనని వెదకసాగినాడు. కాపలాదారు నవ్వి ఊరుకున్నాడు. పైన గాజు దీపాలు వ్రేలాడుతుంటవి. ఆడవారు కూర్చునే మేడ అంచున రెండవ ప్రసంగ పీఠమొకటి ఉన్నది. ఇది కేరళ సినగాగులలో మాత్రమే కనబడే ఏర్పాటు.

ఇంతవరకు చెప్పినది పరదేశుల కథ. ఆ వీధిలో అసలు పాతకాపులు వేరే ఉన్నారు. వారే మలబారు యూదులు. యెరూషలేము దేవాలయం కూలిన 70వ సంవత్సరం తరువాత తమ పూర్వులు కొడుంగల్లూరు రేవుకు వచ్చినారని వారి పరంపర. ఆ మాట అట్లుండగా, సుమారు 1000వ సంవత్సరంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే వారి పెద్దకు ఇచ్చిన రాగిశాసనం ఉన్నది. పాత తమిళంలో, వట్టెళుత్తు లిపిలో ఉన్నది. పల్లకి, గొడుగు, తప్పెట మొదలైన 72 గౌరవాలు, పన్నుల మినహాయింపు అందులో ఇచ్చినారు. 1341లో పెరియారు నదికి పెద్ద వరద వచ్చి కొడుంగల్లూరు రేవు పూడి, కొచ్చి రేవు తెరచుకున్నది. వర్తకులు రేవు వెంట పోవలసినదే గదా. 1344లోనే కొచ్చంగాడిలో వారికొక సినగాగు ఉన్నది. అది పోయినది, దాని శిలాఫలకం మాత్రం నిలిచినది. ఆ మలబారు యూదులవే ఈ వీధిలో మరి రెండు మందిరాలు ఉండేవి. దక్షిణపు కొసన కడవుంభాగం, నడుమ తెక్కుంభాగం. కడవుంభాగం 1544 నాటిది. అంటే పరదేశుల దానికంటె పాతది.

స్పెయిన్, పోర్చుగల్ దేశాల నుండి తరుమబడి వచ్చినవారు, ఆ తరువాత సిరియా మొదలైన చోట్ల నుండి వచ్చినవారు పరదేశులు. నిన్న వచ్చినవారు. అయితే డబ్బు, సముద్రపు వ్యాపారం, దొరల చనువు వారికి ఉన్నవి. క్రమంగా వారు తెల్ల యూదులైనారు, పాతవారు నల్ల యూదులైనారు. పెండ్లి సంబంధాలు లేవు. 1000వ సంవత్సరపు రాగిరేకులు, 1344 నాటి శిలాఫలకం ఈనాడు ఎక్కడ ఉన్నవనుకున్నారు? పరదేశి సినగాగులో. పాతవారి దస్తావేజు కొత్తవారి పెట్టెలో చేరినది.

మరొక వర్గం ఉన్నది. వర్తకుల ఇండ్లలో దాసులుగా ఉండి, ఆ మతం పుచ్చుకొని, విడుదల పొందినవారి సంతతి. వారిని మెషుహ్రారీము అంటారు. హీబ్రూలో విడుదలైనవారని అర్థం. వారు పరదేశి సినగాగుకే వచ్చేవారు. అదే దేవుడు, అవే ప్రార్థనలు. కాని లోపల బెంచీల మీద కూర్చునే హక్కు లేదు. బయటి గదిలోనో, నేల మీదనో కూర్చోవలెను. అందరివలె వేదపు చుట్టను చదివే గౌరవము లేదు. తరాల తరబడి ఇట్లే జరిగినది.

ఇక్కడ మా సొంత మాట ఒకటి చెప్పుకుంటాము, పెద్దలు మన్నించవలెను. మాకు అప్పుడు పదేండ్లు. వేరొక ఊరు, పేరుతో పని లేదు. అక్కడి తెలుగువారి సంఘం ఉగాది విందుకు మా నాయన మమ్ము వెంట తీసుకొని పోయినారు. ఆయన రైల్వేలో గ్యాంగుమేను. చందా కట్టిన సభ్యులే. ఆకు ముందు కూర్చున్న తరువాత ఒక వాలంటీరు వచ్చి, "ఈ బంతి ఆంధ్ర నుండి వచ్చిన ఆఫీసర్ల కుటుంబాలకు. మీవాళ్ళు రెండవ బంతికి ఆగండి" అన్నాడు. మా నాయన అతనితో ఏదో అన్నారు. ఆయన మాటలో అరవం కలిసి ఉంటుంది. కొంగునాట పుట్టిన తెలుగు అంతే గదా. ఎదుటి వరుసలో ఎవరో నవ్వినారు. మా నాయన లేచి మా చేయి పట్టుకొని బయటికి వచ్చి, స్టేషను ముందు ఇడ్లీ తినిపించినారు. దారిలో ఒక్క మాట లేదు. మా నాయనకు భాగవతం పద్యాలు నోటికి వచ్చును. ఆ తరువాత ఏ సంఘానికీ పోలేదు. ఆ పద్యాలు ఏ సభలోను చదవలేదు. మాకు నేర్పనూ లేదు. ఆ సినగాగు బయటి గదిలో నిలబడినప్పుడు మాకు ఆ ఇడ్లీలు జ్ఞాపకం వచ్చినవి.

ఆ బయటి గదివారి ఇంట 1882లో అబ్రహాం బరాక్ సేలం పుట్టినారు. మద్రాసులో చదివి, కేరళ యూదులలో మొదటి న్యాయవాది అయినారు. కొచ్చి శాసనసభలో సభ్యులైనారు. 1929 లాహోరు కాంగ్రెసుకు వెళ్ళి వచ్చినారు. అయినా శనివారం నాడు తన మందిరంలో బెంచీ మీద కూర్చునే వీలు లేదు. గాంధీగారి దారి పట్టి సినగాగులోనే సత్యాగ్రహం చేసినారు. పిల్లలను వెంట పెట్టుకొని మెట్ల మీద కూర్చునేవారు. కోర్టుకు పోలేదు. లాయరై ఉండి కోర్టుకు పోకపోవడం మాకు అన్నిటికంటె గొప్పగా తోచినది. యూదుల గాంధీ అని ఆయనకు పేరు వచ్చినది. 1930, 40 సంవత్సరాలలో ఒక్కొక్క ఆంక్షే సడలినది. మొదట బెంచీ, తరువాత చదివే గౌరవము. 1950లో ఆయన కుమారుడు పరదేశి ఇంటి అమ్మాయిని పెండ్లాడినప్పుడు వీధిలో పెద్ద అలజడి. సేలంగారు 1967లో పోయినారు. ఆ వీధి పేరు నేడు ఎ. బి. సేలం రోడ్డు.

కాని హక్కు వచ్చేవేళకు వీధే ఖాళీ కావడం మొదలైనది. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడినది. అప్పటికి కొచ్చి ప్రాంతపు యూదులు సుమారు 2,500 మంది. అందులో పరదేశులు కొద్ది పాలే. ఇక్కడ వారిని ఎవరూ తరమలేదు. ఈ మాట వారే అన్ని చోట్లా చెప్పుకున్నారు. పోవలెనన్నది మతంలోని కోరిక. మలబారు యూదులు కొందరు ఇల్లూ వాకిలీ అమ్ముకొని ప్రయాణానికి సిద్ధమైన తరువాత అడ్డంకి వచ్చినది. కొచ్చి వైపు బోదకాలు జబ్బు ఉన్నది గదా, ఆ జబ్బు తమ దేశానికి వస్తుందని అక్కడి ఆరోగ్య శాఖవారు భయపడి ఆపినారు. ఇండ్లు అమ్ముకున్నవారు ఎటూ కాక కొన్నేండ్లు నిలిచిపోయినారు. వారి తరఫున మాట్లాడటానికి 1953లో ఇశ్రాయేలు పోయినది ఎవరనుకున్నారు? ఈ సేలంగారే. తమ వర్గం కాదు, తమ మందిరం కాదు. అయినా పోయినారు. 1953, 55 మధ్య అధిక భాగం వెళ్ళిపోయినారు. పరదేశులు మరికొంత కాలం ఉండి, తరువాత ఒక్కొక్క కుటుంబమే కదలినది.

1968 డిసెంబరులో పరదేశి సినగాగుకు 400 ఏండ్ల పండుగ చేసినారు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు వచ్చినారు. తపాలా బిళ్ళ వేసినారు. ఆ పండుగ నాటికే ఈ వీధిలోని మలబారు యూదుల మందిరాలలో ప్రార్థన లేదు.

యూదుల సామూహిక ప్రార్థనకు 13 ఏండ్లు దాటిన మగవారు పదిమంది ఉండవలెను. ఒకరు తక్కువైనా కొన్ని ముఖ్య ప్రార్థనలు చదువరాదు, వేదపు చుట్ట తీసి చదువరాదు. ఎవరు బెంచీ మీద, ఎవరు నేల మీద అని తరాల తరబడి లెక్క చూచుకున్న మందిరంలో చివరకు పదిమంది లెక్క కుదరక, దూరం నుండి వచ్చిన యూద యాత్రికులను పిలిచి కూర్చోబెట్టుకునే రోజు వచ్చినది. 2019లో వీధిలో అందరికంటె పెద్దావిడ 96వ ఏట పోయినారు. 2024 ఆగష్టులో చివరి పరదేశి స్త్రీ, 89 ఏండ్లావిడ, పోయినారు. ఇక వీధిలో మిగిలినది ఒక్క మగవారేనని పత్రికలలో వచ్చినది. కడవుంభాగం లోపలి చెక్క పనితనమంతా విప్పి తీసుకొనిపోయి 1995 నుండి యెరూషలేము మ్యూజియంలో నిలబెట్టినారు. ఇక్కడ మిగిలిన పై గోడలు కొంతకాలం గోదాముగా ఉండి 2019 వానలకు ఒక భాగం కూలినవి. ఇప్పుడు ఆ వీధి నిండా పాత సామాను దుకాణాలు, మసాలా దుకాణాలు. కొన్ని ఇండ్ల కిటికీ కమ్ములలో ఆరు మూలల నక్షత్రం ఇంకా ఉన్నది.

ఇంతకూ తెలుగు యూదులంటూ ఎవరైనా ఉన్నారా అని రైలులో మా చిన్నవాడు అడిగినాడు. ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే కొన్ని కుటుంబాలు 1990ల మొదట్లో తమ మందిరం తెరిచినవి. వారిని తమవారిగా ఎంచవలెనా అన్న చర్చ ఇతర యూదులలో ఇంకా తెగలేదు. వారికీ బయటి గదే.

ఇక భాష సంగతి. కొచ్చి యూదుల ఇంటి భాష మలయాళం. పెండ్లిలో తాళి ఉన్నది, వంటలో కొబ్బరి పాలు ఉన్నవి. అయితే పిల్లలకు చిన్నప్పుడే హీబ్రూ అక్షరాలు దిద్దించి ప్రార్థన చదివించేవారు. మాట పోయినది, లిపి నిలిచినది. మనకు తలక్రిందులు. మన ఇండ్లలో నాలుగు వందల ఏండ్లుగా తెలుగు మాట నిలిచినది, లిపి పోయినది. ఈ సభలో తెలుగు మాట్లాడేవారు అందరూ. ఈ సంచిక చేతికి వచ్చినప్పుడు చదువగలిగేవారు ఎందరో మేము అడుగము. మా ఇంటిలోనే చేతులు లేవవు.

ఆ యూద స్త్రీలకు మలయాళం పాటలు ఉన్నవి. పెండ్లి పాటలు, బైబిలు కథల పాటలు. తల్లి దగ్గర కూతురు నోటుబుక్కులో ఎక్కించుకునేది. మగవారి ఎదుట కూడా ఆడవారు గొంతెత్తి పాడేవారు. ఇతర దేశాల యూదులలో ఇది అరుదు. ఇశ్రాయేలు పోయినప్పుడు ఆ నోటుబుక్కులు పెట్టెలలో పోయినవి. వానలు కురిసే ఊరివారికి నెగెవ్ ఎడారిలో నెవాటిం అనే ఊరు దొరికినది. పిల్లలు హీబ్రూలో పెరిగినారు. పాటలకు అర్థం తెలిసినవారు తగ్గినారు. 1970ల నుండి కొందరు పరిశోధకులు ఇంటింటికీ తిరిగి ఆ నోటుబుక్కులకు నకళ్ళు తీసి, ముసలమ్మలచేత పాడించి నమోదు చేసినారు. 2004లో యెరూషలేములో ఆ పాటల రికార్డు వెలువడినది. అక్కడి ముసలమ్మలు మళ్ళీ కూడి పాడినారు.

ఇది విన్న రాత్రి ఇంటికి వచ్చి, అటక మీది పెట్టె దించి మా అవ్వ నోటుబుక్కు తీసినాము. అవ్వ తమిళ బడిలో మూడవ తరగతి చదివినది. తెలుగు పెండ్లి పాటలు తమిళ అక్షరాలలో వ్రాసుకున్నది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం. జకారానికి కూడా అవ్వ చకారమే వ్రాసినది. దానిని సకారంగానూ చదువవచ్చును. ఒక పాటలో పెండ్లికూతురికి అత్తగారు పెట్టినవి గాజులో, కాసులో తేలడం లేదు. రెండింటికీ అర్థం కుదురుతుంది. అవ్వ పాడగా విన్నవారు మా ఇంట ఎవరూ లేరు. మా నాయన ఉంటే చెప్పేవారేమో.

ఆ నోటుబుక్కు ఇవాళ వెంట తెచ్చినాము. వేదిక ప్రక్క బల్ల మీద ఉన్నది. పెద్ద తల్లులెవరైనా ఆ పాట ఎరిగి ఉంటే, గాజులో కాసులో ప్రక్కన పెన్సిలుతో వ్రాయవలెనని మనవి. మీ ఇండ్లలో ఇటువంటివి ఉంటే, ఏ లిపిలో ఉన్నా సరే, మాకొక కబురు పంపండి. ఆదివారాలు మాకు డ్యూటీ లేదు. వచ్చి అక్కడే కూర్చుని నకలు వ్రాసుకొని పుస్తకం మీకే ఇచ్చి వస్తాము. అరువు అడుగము.

భోజనాలకు వేళయినది. ఈసారి వరండాలో కూడా ఆకులు వేసి అందరికీ ఒక్కసారే వడ్డిస్తామని చెప్పమన్నారు కార్యదర్శి గారు.